పళ్ళ సందున నూలు

బుల్లయ్య ఒకరిని మెచ్చుకోగా ఆ ఊళ్ళో విన్నవాళ్ళు లేరు. మార్టూరుకు మూడు మైళ్ళ దూరంలో, రాళ్ళు పాలిష్ పట్టే షెడ్ల దుమ్ము పడి వేపాకు కూడా తెల్లబడే ఊరది. నాలుగెకరాల మిరప, రెండెకరాల పత్తి, ఒక నోరు ఆయన ఆస్తి. భార్య ఉన్నన్నాళ్ళూ తప్పులు పట్టడానికి ఇంట్లోనే మనిషి దొరికేది. కూరలో ఉప్పు దగ్గర్నుంచి వాకిట్లో ముగ్గు దాకా పట్టాడు. ఆమె పోయాక మూడు నెలలు ఎవర్నీ ఏమీ అనకుండా గడిపి, నాలుగో నెలలో 'తొలిజాము' దినపత్రిక తెప్పించుకున్నాడు.

వార్తలు ఆయనకు అక్కర్లేదు. ఏ వార్త చూసినా ఎవడో ఒకడు తిన్నాడనే ఉంటుంది. ఆరో పేజీ కింద మూలన 'గళ్ళబడి' అని ఒక నుడికట్టు వచ్చేది. అడ్డం తొమ్మిది గళ్ళు, నిలువు తొమ్మిది గళ్ళు. రాముడి భార్య ఎవరు, రెండక్షరాలు, అని అడిగే రకం కాదు అది. ఆధారం పైకి ఒక మాట చెబుతున్నట్టు ఉంటుంది, లోపల ఇంకో మాట దాచి పెడుతుంది. మాటకు తల తీయాలి, తోక కోయాలి, తిరగేయాలి, చెదరగొట్టాలి. అప్పుడు గానీ జవాబు బయటికి రాదు.

మొదటిరోజే ఒక ఆధారం ఆయన్ను కూర్చోబెట్టింది. 'ఆపత్తికి తల తీస్తే రైతు చేతికొచ్చేది (2)'.

ఆపత్తి అంటే ఆపద. తలకాయ 'ఆ' తీసేస్తే పత్తి. జవాబు రాయడానికి అరనిమిషం పట్టింది. కానీ బుల్లయ్య పత్రిక పక్కన పెట్టకుండా చాలాసేపు అట్లాగే చూశాడు. తొంభై ఏడో సంవత్సరం శనగపచ్చ పురుగు కాయకాయకూ పడి, ఆ చుట్టుపక్కల పత్తి వేసినవాడి చేతికి పత్తి రాలేదు, ఆపత్తే వచ్చింది. పేపర్లలో ఎంతమంది ఎన్ని రాశారు! పేజీలకు పేజీలు. వీడెవడో రెండక్షరాల గడిలో రాసి పడేశాడు.

"ఎవడ్రా వీడు?" అన్నాడు ఒక్కడే కూర్చుని. అది ఆయన నోట మెచ్చుకోలు కిందే లెక్క.

ఆ రోజు మొదలు నాలుగేళ్ళు ఒక్కరోజు తప్పలేదు. పొద్దున్నే పత్రిక పట్టుకుని మిరపకాయలు ఆరబోసిన కల్లానికి పోవడం, తాటాకు పందిరి కింద గోనె పరుచుకుని కూర్చోవడం. పెన్సిలు వాడడు. కొట్టేసి దిద్దుకునేవాడికి ఆలోచించే బుద్ధి ఉండదని ఆయన అభిప్రాయం. పెన్నుతో, ఒక్కసారే. కాయలు ఏరే ఆడకూలీలు మొదట్లో నవ్వేవాళ్ళు. ఒకనాడు 'ఎటు తిరిగి పడుకున్నా అదే నిద్ర (3)' అన్న ఆధారం చూసి ఆయన పకపకా నవ్వాడు. కునుకు. ఈ చివర నుంచి చదివినా, ఆ చివర నుంచి చదివినా కునుకే. బుల్లయ్య నవ్వడం చూసి ఆ రోజు కూలీలు భయపడ్డారు.

ఇంకోనాడు 'తిరగేసిన కలప మీద ఓనమాలు (3)'. కలప తిరగేస్తే పలక. బుల్లయ్య చదివింది ఆ ఊరి బడిలో ఏడో తరగతి దాకా. జక్రయ్య మాస్టారు తప్పుకొక దెబ్బ చొప్పున కొట్టి నేర్పిన చదువు అది. ఆయన దిద్దింది చెక్క పలక మీదే. ఆ విషయం ఈ గళ్ళు పేర్చేవాడికి ఎట్లా తెలుసు? తెలియదు. తెలియకుండానే తగిలేట్టు రాశాడు. పనివాడంటే వాడు.

ఈ పేర్చేవాడి పేరు పత్రికలో ఎప్పుడూ వేయలేదు. బుల్లయ్య మనసులో మాత్రం ఒక బొమ్మ ఉంది. రిటైరైన తెలుగు పండితుడు, లావుపాటి కళ్ళద్దాలు, పడక్కుర్చీ. ఎండ తగలని మనిషి.

వారానికొక పోస్టుకార్డు రాసేవాడు. ఆ వారం గళ్ళలో ఏది బాగుంది, ఏది కుంటింది, ఏది దొంగపని. రెండో నెల నుంచే పత్రికవాళ్ళు ఆ కార్డును ప్రతి సోమవారం 'బుల్లయ్య మాట' అని పేరు పెట్టి గళ్ళ పక్కనే అచ్చువేయడం మొదలుపెట్టారు. పత్రికలో పేరు పడుతున్నా ఆయన మెత్తబడలేదు. 'మంగళవారం నిలువు ఏడు నీరసం.' 'శుక్రవారం అడ్డం మూడు పాతది, జనవరిలో వాడారు.' ఎక్కడో ఒకచోట, బలవంతాన, 'ఇది నిలబడింది' అని ఒక ముక్క. 'ఉపకారం చేసినా అపకారం చేసినా చివరికి మిగిలేది మంట (2)' వచ్చిన వారం కూడా అంతే రాశాడు. నిలబడింది. రెండు మాటల్లోనూ చివర మిగిలేది కారం. ఆ ఆధారాన్ని మాత్రం కల్లంలో నలుగురిని పిలిచి చదివి వినిపించాడు. కార్డు మీద ఆ సంగతి లేదు.

2002 ఫిబ్రవరిలో ఒక బుధవారం ఈ ఆధారం వచ్చింది. 'పళ్ళన్నిటి సందునా నూలు; ఇది లేకుంటే హల్లుకు ప్రాణం లేదు (2)'.

రెండో ముక్క సులువు. హల్లుకు ప్రాణం అచ్చు. జక్రయ్య మాస్టారి బెత్తం ఆ సంగతి ఏనాడో నేర్పింది. అడ్డంగా దాన్ని దాటిపోయే మాటలు కూడా సరిపోయాయి. జవాబు అచ్చు. మరి పళ్ళ సందున నూలేమిటి?

బుల్లయ్యకు అచ్చు తెలియకపోవడం ఏమిటి! ఆయన కొట్టంలోనే ఉంది. పొడుగాటి దుంగ, దానికి ఎడం ఎడంగా కొయ్య పళ్ళు. ఎద్దులకు కట్టి మిరప చేలో ఒకసారి నిలువుగా, ఒకసారి అడ్డంగా తోలితే పొలమంతా గళ్ళు పడతాయి. గీతను గీత కోసిన చోట మొక్క నాటుతారు. అచ్చుకు పళ్ళున్న మాట నిజం. ఆ పళ్ళ సందున మట్టి ఉంటుంది, గడ్డి వేళ్ళుంటాయి. నూలు ఎక్కడినుంచి వస్తుంది?

నాలుగేళ్ళకు దొరికాడు పండితుడు. బుల్లయ్య ఆ వారం కార్డు రెండు పక్కలా నింపాడు.

'బుధవారం నిలువు నాలుగు శుద్ధ తప్పు. అచ్చు పొలంలో తోలేది. దాని పళ్ళకు నూలుతో పని లేదు. అచ్చు ముఖం ఎన్నడూ చూడనివాళ్ళు రాసిన ఆధారం ఇది. చూడకుండా రాసేవాళ్ళు రాయడం మానుకుంటే తెలుగుకు మేలు.'

సోమవారం అది ఒక్క అక్షరం పోకుండా అచ్చయింది. బుల్లయ్య రెండుసార్లు చదువుకున్నాడు.

బుధవారం పొద్దున మీరా హుస్సేన్ టీ కొట్టు దగ్గర బల్ల మీద కూర్చుని ఉండగా, చీరాల వైపు నుంచి చీరల మూట కట్టుకుని సైకిలు మీద తిరిగే రోశయ్య వచ్చి దిగాడు. టీ చెప్పి, బల్ల మీద పడి ఉన్న సోమవారం పత్రిక తీశాడు. చదువుతూ చదువుతూ టీ పొలమారి దగ్గాడు.

"ఇదేం చోద్యమయ్యా! అచ్చుకు నూలుతో పని లేదంట. ఎవరో బుల్లయ్యంట, ఈయన రాశాడు."

మీరా హుస్సేన్ టీ వడపోస్తూ, "ఎవరో ఏంది, నీ పక్కన కూర్చుని టీ తాగతన్నాడుగా" అన్నాడు.

రోశయ్య వెనక్కి తగ్గలేదు. పక్కకు తిరిగి ఎగాదిగా చూశాడు.

"మీరేనాండీ? మంచిదే, దొరికారు. ఒక్క మాట అడుగుతా, ఏమీ అనుకోబాకండి. మీరు కట్టుకున్న పంచె ఎట్టా వచ్చింది?"

"కొంటే వచ్చింది."

"కొన్నారు సరే. చెట్టుకి కాసిందా? నేశారు గదా! మగ్గం మీద పోగులన్నీ దువ్వెన్లో వెంట్రుకల్లాగా ఒకదాంట్లోంచి దూరి రావాలి. దాన్నేమంటారనుకున్నారు? అచ్చంటారు. దానికి పళ్ళుంటాయి. మా తాతల నాడు రెల్లుపుల్లలు, ఇప్పుడు ఇనప పుల్లలు. పంటికీ పంటికీ సందున రెండేసి పోగులు." మూట విప్పి ఒక చీర కొంగు తీసి ఎండకు అడ్డంగా పట్టాడు. "ఇదుగో, ఈ పోగుకీ ఆ పోగుకీ మధ్య ఇంత సమంగా ఎడం ఉందే, ఇది అచ్చు పెట్టిన ఎడం. మా వాడలో పాలు మానని పిల్లదాన్ని అడిగినా చెప్పుద్ది."

బల్ల మీద ఉన్న నలుగురూ బుల్లయ్య వైపే చూశారు.

"ఒరేయ్ బుల్లయ్యా," అన్నాడు మీరా హుస్సేన్. ఇద్దరూ జక్రయ్య మాస్టారి దగ్గర ఒకే బల్ల. "నలభై అయిదేళ్ళ నుంచి చూస్తన్నా, నీకు జవాబు లేకపోవడం ఇదే. ఉండు, ఇంకో టీ పోస్తా. ఇది నా ఖర్చే."

"నోర్ముయ్యరా" అని బుల్లయ్య లేచి వచ్చేశాడు.

కల్లంలో కూర్చుని ఆ ఆధారం మళ్ళీ చూశాడు. పళ్ళన్నిటి సందునా నూలు. ఇది లేకుంటే హల్లుకు ప్రాణం లేదు. వంక పెట్టడానికి వెంట్రుకంత చోటు లేదు. ఒక పక్క మగ్గం, ఒక పక్క ఓనమాలు. రెంటినీ తెచ్చి ఒక్క మాట మీద నిలబెట్టాడు. ఆధారానికి కాళ్ళు రెండూ ఉన్నాయి. కుంటింది చదివినవాడు. ఎండ తగలని పండితుడని తాను అనుకున్నవాడు మగ్గం ముందు నిలబడి చూసి రాశాడు. చూడకుండా రాసింది తాను.

తప్పు తెలిసింది. ఒప్పుకుంటూ కార్డు రాస్తే సరిపోయేది. బుధవారం రాయలేదు. గురువారం రాయలేదు. నాలుగేళ్ళుగా ఒక్క మాట వెనక్కి తీసుకోలేదు, ఇప్పుడు తీసుకుంటే మీరా హుస్సేన్ కొట్టులో ఆ పేపరు ముక్కను గోడకు అంటిస్తాడు. సోమవారం నాటికి చూద్దాంలే అనుకున్నాడు. అట్లా అనుకునేవాళ్ళంటే ఆయనకు మహా అసహ్యం.

శుక్రవారం ఆరో పేజీలో గళ్ళు లేవు. ఆ చోటులో ఒక సినిమా నటి బొమ్మ, కింద 'ఈ తార ఎవరు?' అని ప్రశ్న. దాని కింద చిన్న అక్షరాల్లో, 'గళ్ళబడి ఇకపై ఉండదు. పాఠకులు గమనించగలరు.'

బుల్లయ్య గమనించాడు. పత్రిక మడిచాడు, విప్పాడు, మళ్ళీ మడిచాడు. కల్లంలో కూలీలున్నారు, కాయలున్నాయి, ఎండ ఉంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా తనతో సమానంగా మాట్లాడిన మనిషి ఒక్కడే ఉండేవాడు, వాణ్ణి తన చేత్తో తానే తోలేశాడు. కట్టుకున్నదాన్ని ఇట్లాగే మాటలతో అరగదీసి కాటికి పంపాడు. అప్పుడు తెలుసుకోలేదు. ఇప్పుడు తెలిసింది గాబట్టి ఊరుకోవడానికి వీల్లేదు.

శనివారం పొద్దున మార్టూరు సెంటర్లో ఎస్‌టీడీ బూతుకు పోయి ఒంగోలు పత్రికాఫీసుకు ఫోను చేశాడు. ఆరో పేజీ చూసే ప్రేమ్‌చంద్ తీశాడు.

"గళ్ళెందుకు ఆపారు?"

"ఎవరండీ మాట్లాడేది?"

"బుల్లయ్యని."

"మీరా సార్! మేం ఆపలేదండీ. ఆవిడే ఆపేశారు. ఆఫీసుకి నిన్నట్నించి ఒకటే ఫోన్లు. మమ్మల్ని తిడుతున్నారు జనం."

"ఆవిడా?"

"ఆవిడేనండీ. నాగజ్యోతిగారు. వేటపాలెం. మీ కార్డు అచ్చయిన మర్నాడే ఉత్తరం రాశారు. ఒక్కటే లైను. చదవమంటారా? 'చూసేవాళ్ళు లేనప్పుడు పేర్చడం దండగ.' అంతే."

చూడకుండా రాసేవాళ్ళు అని తాను రాశాడు. చూసేవాళ్ళు లేనప్పుడు అని ఆమె బదులిచ్చింది. తగలాల్సిన చోటే తగిలిందని బుల్లయ్య అనుకున్నాడు. ఆడమనిషి, మాటపడి ఊరుకోలేక మానేసింది.

"అడ్రసు చెప్పు."

"అట్టా ఇవ్వకూడదండీ, రూలు."

"సినిమా బొమ్మలు వేసుకోవడానికి రూలు లేదుగానీ దీనికి వచ్చిందా? చెప్పవయ్యా. కాళ్ళు పట్టుకునేది నేను, నువ్వు కాదుగా."

ప్రేమ్‌చంద్ చెప్పాడు.

మర్నాడు చీరాల బస్సెక్కి, అక్కడ దిగి వేటపాలెం పోయి, అడుక్కుంటూ నేతవాళ్ళ వీధి చేరాడు. వీధి పొడుగునా మగ్గాల చప్పుడు. చెప్పిన ఇంటి అరుగు మీద ముప్పై అయిదేళ్ళ మనిషి వంగి కూర్చుని, పెద్ద గళ్ళకాగితం మీద పెన్సిలుతో గళ్ళు నింపుతోంది. ఒక గడి నలుపు, రెండు గళ్ళు తెలుపు. చీర అంచుకు నెమలి. జకార్డు మగ్గానికి కావలసిన డిజైన్లు ఇట్లాగే గడిగడికీ గీయాలి, దాన్ని చూసి అట్టలకు చిల్లులు కొడతారు. బుల్లయ్య గుమ్మం ముందు నిలబడి ఆ చెయ్యి చూశాడు. నింపేముందు చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది. ఆగి, పడుతుంది. మళ్ళీ దిద్దడం లేదు.

"నాగజ్యోతి అంటే నువ్వేనామ్మా?"

"నేనే. అంచు డిజైన్ కోసమాండీ?"

"కాదు. నేను బుల్లయ్యని."

ఆమె తలెత్తింది. కోపం లేదు, ఆశ్చర్యం లేదు. బియ్యంలో రాయి చూసినట్టు చూసింది.

"రండి" అని లేచి లోపలికి దారితీసింది. లోపల గుంటమగ్గం మీద ఆమె భర్త కోటేష్ నేస్తున్నాడు. "కాస్త ఆపు" అంది అతనితో. బుల్లయ్య చెయ్యి పట్టుకోకుండానే పట్టుకుని తెచ్చినట్టు మగ్గం దగ్గరకు తెచ్చింది. "ఇదుగోండి. ఇదే అచ్చు."

బుల్లయ్య వంగి చూశాడు. సన్నటి ఇనప పళ్ళు, వందలు. సందు సందునా పోగులు. కోటేష్ నూలు కండె పెట్టిన నాడె విసిరి, అచ్చును తన వైపు లాగి కొట్టాడు. అడ్డపోగు పోయి బట్టకు అతుక్కుంది.

"పట్టుకోవచ్చా?"

"చేతికి కారం ఏమీ లేకపోతే పట్టుకోండి" అంది.

పట్టుకోలేదు. చేతులు పంచెకు తుడుచుకుని వెనక్కి పెట్టుకున్నాడు.

"తప్పు నాదేనమ్మా" అన్నాడు. ఆ మాట అనడానికి మార్టూరు నుంచి అక్కడిదాకా బస్సులో పళ్ళు నూరుకుంటూ వచ్చాడు, తీరా అన్నాక అంత కష్టంగా ఏమీ లేదు. "నాకు తెలిసిన అచ్చు ఒక్కటే అచ్చనుకున్నా. నామాట పట్టుకుని నువ్వు మానేయబాకు."

"మీరు తిట్టారని మానేశాననుకున్నారా?"

"మరి?"

ఆమె గూట్లోంచి కిందటేటి నోటుబుక్కు తెచ్చింది. వచ్చిన గళ్ళన్నీ తేదీల వారీగా అతికించి ఉన్నాయి, పక్కన 'బుల్లయ్య మాట' ముక్కలు. ఒక పేజీ తీసి ముందు పెట్టింది.

"నవంబరు తొమ్మిది. ఇది చదవండి."

'మునగ తిరగేస్తే కొండ (3)'. జవాబు నగము. పక్కన బుల్లయ్య మాట, 'మునగచెట్టును కొండ ఎక్కించడం నిలబడింది'.

"బాగానే ఉందిగా?"

"మునగ తిరగేయండి."

బుల్లయ్య నోటిలో తిరగేశాడు. గ, న, ము. గనము. నగము కాదు. మూడక్షరాలు చెదరగొడితే నగము వస్తుంది, తిరగేస్తే రాదు.

"చెదిరితే అని రాయాల్సింది, తిరగేస్తే అని రాశాను. పంపేశాక తెలిసింది. రెండురోజులు అన్నం సయించలేదు నాకు. ఆదివారం దాకా అనుకున్నా, సోమవారం బుల్లయ్యగారు చీల్చి చెండాడతారు అని. సోమవారం పేపరు తీస్తే మెచ్చుకున్నారు." ఆమె గొంతు పెరగలేదు. "తప్పుని ఒప్పన్నారు. సరే, మనిషన్నాక ఎప్పుడో కన్ను మూతపడుద్ది అనుకున్నా. మొన్న ఒప్పుని తప్పన్నారు. ఇన్ని వేలమంది చదువుతున్నారంటారు, గడి గడికీ ఆగి చూసేది మీరొక్కరే అనుకుని నాలుగేళ్ళు పేర్చాను. మీరూ చూడట్లేదు. ఇంకెవరికోసం?"

బుల్లయ్యకు అప్పుడర్థమైంది ఆ ఉత్తరం. చూసేవాళ్ళు అంటే తాను. ఆమె మాటపడలేక మానలేదు. తనను తూచి, తక్కువ పడ్డాడని మానింది. ఆయన జీవితంలో ఎంతోమందిని అట్లా తూచి పక్కన పడేశాడు. ఇట్లా ఉంటుందన్నమాట అవతల నిలబడితే.

అయినా ఆయనకు ఆమె మీద కోపం రాలేదు. ఎవరూ పట్టని తప్పుకు రెండురోజులు అన్నం మానేసే మనిషి! ఇట్లాంటివాళ్ళు ఉన్నారని తెలియక ఇన్నేళ్ళు లోకాన్ని తిట్టుకుంటూ బతికాడు.

"ఇంకేమైనా పేర్చి పెట్టినవి ఉన్నాయా?" అని అడిగాడు.

"ఒకటుంది. పంపలేదు."

"ఇవ్వు. ఇక్కడే చేస్తా. చేసి చెబుతా. అప్పుడు నీ ఇష్టం."

ఆమె ఆలోచించి ఇచ్చింది. బుల్లయ్య అరుగు మీద కూర్చుని జేబులోంచి పెన్ను తీశాడు. కోటేష్ మళ్ళీ నేత మొదలుపెట్టాడు. ఆమె నెమలి దగ్గరకు పోయింది. గంట గడిచింది. గళ్ళన్నీ నిండాయి. ప్రతి ఆధారం రెండుసార్లు చదివాడు, తిరగేయమన్న చోట నిజంగా తిరగేసి చూశాడు. మెరికలు. వంక లేదు. ఒక్క చోట తప్ప.

'జీతాలు తల తీస్తే నల్లబడిన మిరపకాయలు (2)'.

జీతాలులో జీ తీస్తే తాలు. మాట ఆట బ్రహ్మాండంగా ఉంది. కానీ తాలుకాయ నల్లగా ఉండదు.

ఆయన పెన్ను పట్టుకుని అట్లాగే ఉండిపోయాడు. తాను వచ్చింది బతిమాలుకోవడానికి. బాగుందని చెప్పి లేస్తే ఆమె మెత్తబడవచ్చు. తప్పుందంటే, అందులోనూ ఈ తప్పుందంటే, ఆ పాత మాటే మళ్ళీ అన్నట్టవుతుంది. ఆమె పంపకుండానే చించి పారేయవచ్చు. అబద్ధం ఆడటానికి నోరు తెరిచాడు. అలవాటు లేని పని, రాలేదు.

"అమ్మా. తాలు ఎప్పుడైనా చూశావా?"

"చూడకేం! అంగట్లో కొన్న కాయల్లో వస్తాయిగా. నల్లగా, బూజుపట్టి."

"అవి మెత్తకాయలు. ఆరకముందే గోతాం ఎక్కిస్తే నల్లబడతాయి. తాలు వేరు. తాలుకాయ తెల్లబడుద్ది. ఎరుపంతా పోయి, పాలిపోయి, రోగిష్టి మొహం లాగా ఉంటది. గింజ గలగలమంటది, కారం ఉండదు. మా కల్లంలో రోజూ ఆడకూలీలు ఏరేది అదే." ఆగి, తప్పదని అనేశాడు. "ఇది మాత్రం చూడకుండానే రాశావు."

మగ్గం చప్పుడు ఆగింది. లోపల కోటేష్ వింటున్నాడు.

నాగజ్యోతి వచ్చి కాగితం తీసుకుంది. ఆధారం చదువుకుంది. పెదవి కొరుక్కుంది. చెవి మీద దోపిన పెన్సిలు తీసి, దాని వెనక రబ్బరుతో 'నల్లబడిన' చెరిపేసి, 'పాలిపోయిన' అని రాసింది. ఊది, పొడి దులిపింది.

"ఇంకా?"

"ఇంకేం లేవు. ఉంటే చెప్పనూ?"

"చెబుతారులెండి" అంది. అని మొదటిసారి నవ్వింది. "ఇది రేపటి టపాలో పంపుతాను. మీరు రాసింది మాత్రం మీరే దిద్దుకోవాలి. నేను జవాబు రాయను."

"ఇప్పుడే రాస్తా. కార్డుందా?"

కార్డు ఇచ్చింది. బుల్లయ్య అరుగు మీద వంగి, అక్షరం అక్షరం నొక్కి రాశాడు. 'ఫిబ్రవరి బుధవారం నిలువు నాలుగు ఒప్పు. తప్పు నాది. మగ్గానికి కూడా అచ్చుంటుంది, కళ్ళారా చూసి వచ్చాను. నవంబరు తొమ్మిది మునగ తప్పు, అప్పుడు నేను పట్టుకోలేదు, అదీ నా తప్పే. నాలుగేళ్ళుగా ఈ గళ్ళు పేర్చేవారికి సాటి వచ్చేవాళ్ళను నేను చూడలేదు. ఈ సంగతి ముందే రాసి ఉండాల్సింది. వారికి నా క్షమార్పణ.' సంతకం పెట్టి ఆమె చేతికిచ్చాడు.

ఆమె చదివింది. సాటి గురించి రాసిన చోట వేలు పెట్టి మళ్ళీ చదివింది. తర్వాత వేలు కిందికి జరిపింది.

"ఈ చివరి మాట."

"ఏం, అదీ తప్పేనా?"

"క్షమార్పణ అంటే క్షమను అర్పించడం. మీరు నన్ను క్షమించారని అర్థం వస్తుంది. అడిగేవాళ్ళు రాయాల్సింది క్షమాపణ."

లోపలి నుంచి కోటేష్ పెద్దగా నవ్వాడు. బుల్లయ్య కార్డు వెనక్కి తీసుకుని ఆ మాట వైపు చూశాడు. యాభై ఎనిమిదేళ్ళ వయసులో మొట్టమొదటిసారి ఒకరిని క్షమించమని అడగబోయి, తానే క్షమించేశాడు.

"పెన్నుతో రాశానే" అన్నాడు.

"కొట్టేసి రాయండి. ఏం కాదు."

కొట్టేశాడు. పక్కన మళ్ళీ రాశాడు.